పేరు మార్చినా ఎల్బో ఎల్బోయే



అద్దకం షెడ్డులో ఆవిరి గొట్టాలను కలిపే ఎల్బో, ఫ్లాంజి, సాకెట్టు మనకు కొత్త కాదు. నౌబాద్‌లో హార్డ్‌వేర్ దుకాణానికి వెళితే దొరుకుతాయి. అదే జాతి సరుకు, ఇంకా గట్టి ఉక్కుతో చేసింది, కాకినాడ ఎదుట సముద్రంలో చమురు, గ్యాసు గొట్టాలను కలుపుతుంది. 2009 ఏప్రిల్‌లో కేజీ-డి6 గ్యాసు గాడిమొగ ఒడ్డుకు చేరింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి మొదటి చమురు తీసింది. ఇలాంటి పనులకు విదేశీ ఫిట్టింగులు రేవులో దిగితే, ముందు తేలవలసిన ప్రశ్న ఒకటే: ఇది ఏ పద్దు కింది సరుకు?

1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం ప్రకారం ప్రతి సరుకుకూ ఒక నంబరు ఉంటుంది. ఇనుము, ఉక్కు పైపు ఫిట్టింగుల పద్దు 7307. బావి తవ్వే యంత్రాల విడిభాగాలది 8431. "ఈ ఫిట్టింగు సముద్రపు బావి కోసమే చేయించాం, కనుక యంత్రభాగమే" అని దిగుమతిదారు వాదించవచ్చు. చట్టం ఒప్పుకోదు. పైపు ఫిట్టింగులు, బోల్టులు, నట్టులు సర్వసాధారణ వాడకపు భాగాలు. ఏ యంత్రానికి బిగించినా వాటి పద్దు వాటిదే. మన సాంచాలకూ ఇదే సూత్రం. షటిల్ 8448లోకి వెళ్తుంది, సాంచాను బిగించే ఉక్కు బోల్టు మాత్రం 7318లోనే ఉంటుంది.

మెలికలు లేకపోలేదు. ఉక్కు ఫ్లాంజి విడిగా వస్తే 7307. చమురు ఎక్కించే రబ్బరు గొట్టానికి బిగించి వస్తే గొట్టంతోపాటు 4009. వాల్వుతో కలిసి ఉంటే 8481. అందుకే సరుకు చూడాలి, డ్రాయింగు చదవాలి. ఇన్వాయిసులోని ఘనమైన పేరు చాలదు. చమురు పనులకు ఇచ్చే సుంకం రాయితీ వేరే సంగతి. ప్రభుత్వ నోటిఫికేషన్ల షరతులతో అది వస్తుంది. రాయితీ కావాలని పద్దు మార్చడం కుదరదు.

ఇది మనకెందుకు? 2011 నుంచి పద్దు రాసే బాధ్యత దిగుమతిదారుదే. సుంకం తక్కువ పడితే 2 ఏళ్ల వరకు, కావాలని దాచితే 5 ఏళ్ల వరకు వెనక్కి వెళ్లి నోటీసు ఇవ్వవచ్చు. వడ్డీ, జరిమానా అదనం. విడిభాగాలు తెప్పించే మిల్లుకూ ఇదే చట్టం. ఆ బరువు బోనస్ చర్చల్లో మన నెత్తికెక్కుతుంది. "కస్టమ్స్ నోటీసు వచ్చింది, డబ్బు లేదు" అని యాజమాన్యం అంటే మన ప్రతినిధులు తలూపి తిరిగి రాకూడదు. బిల్ ఆఫ్ ఎంట్రీ చూపమనాలి. ఏ పద్దు రాశారో, ఎందుకు రాశారో అడగాలి.

మరొక్క మాట. ఎల్బో పద్దుపై తగవు వస్తే 60 రోజుల్లో అప్పీళ్ల కమిషనర్ దగ్గరికి, తరువాత ట్రిబ్యునల్‌కు, ఆపైన సుప్రీంకోర్టు దాకా పోవచ్చు. పెట్టిన పేరు కాదు, అసలు వస్తువేమిటో చూడాలన్నదే అక్కడి న్యాయం. సాంచా నడిపేవాణ్ణి మస్టరులో హెల్పరుగా రాసినచోట మనం అడిగేదీ అంతే: పేరు కాదు, పని చూడండి. ఇనుప ముక్కకు దక్కే న్యాయం మనిషికి దక్కవద్దా?

కాగితం చదవడం నేర్చుకుందాం. జీతం చిట్టీ, హాజరు చిట్టీ ఒక్కటి కూడా పారేయకుండా దాచుకుందాం.