ఎర్రర్‌ని మింగితే అరగదు

రెండేళ్ల కిందట ఒక శనివారం పొద్దున్నే ఫోన్. మా ప్రాజెక్టులో డెలివరీ కుర్రాళ్లకి వారం వారం ఇన్సెంటివ్ లెక్కగట్టే జాబ్ ఒకటుంది. శుక్రవారం అర్ధరాత్రి దాటాక నడుస్తుంది. ఫోన్‌లో హబ్ మేనేజర్ గారు. "బాబూ, ఎవరికీ డబ్బులు పడలేదు. ఒక కుర్రాడి ఇంటి ఓనరు అద్దె కోసం పొద్దున్నుంచీ గుమ్మంలోనే కూర్చున్నాడంట" అన్నారు.

లాప్‌టాప్ తెరిచి చూశా. జాబ్ హిస్టరీలో పచ్చ టిక్కు. ఒక్క ఎర్రర్ లేదు. కానీ పేమెంట్ టేబుల్‌లో ఆ వారానికి ఒక్క రికార్డూ లేదు!

స్టోర్డ్ ప్రొసీజర్ అంటే తెలుసుగా, డేటాబేస్‌లోనే రాసిపెట్టుకున్న పనుల చిట్టా. పేరు పెట్టి పిలిస్తే వరసగా చేసేస్తుంది. మాది ఎస్‌క్యూఎల్ సర్వర్. అందులో ట్రై బ్లాకులో పని రాస్తాం, అది బెడిసికొడితే క్యాచ్ బ్లాకులోకి వస్తుంది. మా ప్రొసీజర్ క్యాచ్‌లో ఉన్నది ఒకే లైను, రోల్‌బ్యాక్. అంటే చేసిందంతా వెనక్కి తీసేసుకుని గప్‌చుప్‌గా కూర్చోవడం. తప్పు జరిగిందని పిలిచిన జాబ్‌కి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది 'సక్సెస్' అనేసింది.

ఆ లైను ఎవరు రాశారా అని హిస్టరీ తీస్తే, నా పేరే. అంతకు ముందు ఎప్పుడో రాత్రి అలర్టులు తట్టుకోలేక, రేపు సరిచేద్దాంలే అని పెట్టింది. ఆ రేపు రాలేదు.

క్యాచ్ చివర త్రో చేర్చి టెస్ట్ సర్వర్‌లో నడిపా. అప్పుడు బయటపడింది, ఎర్రర్ 8152. డేటా కాలమ్‌లో పట్టడం లేదని దానర్థం. ఏ కాలమో మాత్రం చెప్పదు. 2019 వెర్షన్‌తో వచ్చిన 2628 ఎర్రర్ అయితే టేబుల్ పేరు, కాలమ్ పేరు, పట్టని విలువ కూడా చూపిస్తుంది. మాది పాతది. అందుకని ఒక్కో కాలమ్‌లో అతి పొడుగు విలువ ఎంతుందో లెన్ ఫంక్షన్‌తో తీసి, టేబుల్ సైజులతో పోల్చుకుంటూ వెళ్లా. దొరికింది. ఖాతాదారు పేరుకి ఇచ్చింది 30 అక్షరాలే. మన వైపు వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి లాంటి పేరుని ఇంగ్లిష్‌లో రాస్తే, ఇంటిపేరు లేకుండానే ఖాళీలతో కలిపి 34. కొత్తగా చేరిన ఒకతనిది అలాంటి పొడుగు పేరే. అందర్నీ ఒకే ఇన్సర్ట్‌లో ఎక్కిస్తున్నాం కాబట్టి, ఒక్క పేరు పట్టక మొత్తం ఆగిపోయింది.

కాలమ్ సైజు పెంచడం ఐదు నిమిషాల పని. సాయంత్రానికి డబ్బులు పడ్డాయి. ఆ రోజు నేర్చుకున్నవి ఇవి.

ఒకటి, క్యాచ్‌లో ముందు రోల్‌బ్యాక్, తర్వాతే లాగ్ టేబుల్‌లో ఎర్రర్ రాయాలి. తిరగేస్తే రాసిన లాగ్ కూడా రోల్‌బ్యాక్‌లో పోతుంది.

రెండు, చివర్లో త్రో తప్పనిసరి. ఇది 2012 వెర్షన్ నుంచీ ఉంది. అసలు ఎర్రర్ నంబరు, లైను మారకుండా పైకి పంపుతుంది. దాని ముందు లైనుకి సెమికోలన్ మర్చిపోకండి. 'రోల్‌బ్యాక్ ట్రాన్సాక్షన్' పక్కన సెమికోలన్ లేకపోతే, త్రో అన్నది ట్రాన్సాక్షన్ పేరనుకుంటుంది సర్వర్!

మూడు, ఎర్రర్‌లో 47వ లైను అని వస్తే మీ స్క్రిప్ట్ ఫైల్‌లో 47 దగ్గరికి పరిగెత్తకండి. ఆ లెక్క ప్రొసీజర్‌ని క్రియేట్ చేసిన బ్యాచ్ మొదటి నుంచి. ఫైల్‌లో దాని పైన వేరే బ్యాచ్‌లుంటే లెక్క తప్పుతుంది.

సైజు చాలకపోవడం ఎవరికైనా జరిగే పొరపాటే. అది రాత్రే అరిచి ఉంటే తెల్లారేలోపు సరిచేసేవాణ్ణి. నా నిద్ర కోసం దాని నోరు నొక్కా, ఓనరుకి సమాధానం మాత్రం ఆ కుర్రాడు చెప్పుకోవాల్సి వచ్చింది. మీ కోడ్‌లో ఖాళీ క్యాచ్ ఎక్కడైనా ఉంటే, 'రేపు' అనకుండా ఇవాళే తీసేయండి.