శ్రుతి సీడీదా, పిల్లవాడిదా?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున ఏదైనా రాసి పంపమని కమిటీ వారు కబురు పెట్టారు. మామూలుగా అయితే "మా రోజుల్లో పప్పు నీళ్లలా ఉండేది" అని మొదలుపెట్టాలి. ఆ పప్పు గురించి ఇప్పటికే చాలామంది అన్నలు రాశారు. మేము ఈసారి హాస్టల్ డే నాటి పాటల పోటీ గురించి, అందులో స్పీకర్లోంచి వచ్చే కరోకే ట్రాకు గురించి రాస్తున్నాం. దీనికో వ్యాసమా అని తమ్ముళ్లు అనుకోవచ్చు. చదివాక కూడా అలాగే అనిపిస్తే మమ్మల్ని తిట్టుకోండి, ఫరవాలేదు.

2006 హాస్టల్ డే. మేము పదో తరగతి. తొమ్మిదిలో ఒక తమ్ముడు ఉండేవాడు. ఆరు, ఏడు తరగతుల్లో పాటల పోటీ అంటే మొదటి బహుమతి వాడిదే. స్టడీ అవర్లో కరెంటు పోతే వాడే పాడేవాడు. వార్డెన్ సారు అరవకుండా గుమ్మం దగ్గర నిలబడి వినేవారు. అంతకుముందు పోటీలకు ఊళ్లోని హార్మోనియం మాస్టారు వచ్చేవారు. ఆ ఏడాది ఆయన రాలేకపోతే ఎవరో కోఠి నుంచి కరోకే సీడీ తెచ్చారు. అసలు సినిమాలో వినిపించే మ్యూజిక్కే కదా అని అందరం సంబరపడ్డాం.

వాడు పల్లవి బాగానే పాడాడు. చరణంలో పాట పైకి వెళ్లేసరికి గొంతు రెండుగా చీలింది. మళ్లీ అందుకోబోయాడు, మళ్లీ చీలింది. మాస్టారైతే ఆగి, ఇంకో మెట్టు పట్టుకుని, "కానీ నాయనా" అనేవారు. సీడీ ఆగదు కదా. ఆవరణంతా నవ్వింది. మేమూ నవ్వాం. ముందు వరుసలో కూర్చుని నవ్వాం.

ఆ తర్వాత వాడు హాస్టల్లో పాడలేదు. చాలా ఏళ్లకు పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో కలిసినప్పుడు పాడమని అడిగితే, "నా గొంతు ఆ రోజే పోయిందన్నా, తర్వాత స్నానాల గదిలో కూడా పాడలేదు" అన్నాడు. మామూలుగానే అన్నాడు, ఎవరి మీదా కోపం లేదు. మాకే అన్నం సయించలేదు.

వాడి గొంతు పోలేదు. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతూ మారుతుంది గానీ అంత తెలియదు. మన హాస్టళ్లలో ఉండేదే ఆ వయసు పిల్లలు. వాడు కిందికి దిగాడు, సీడీ మాత్రం ఉన్నచోటే ఉంది. అంతే జరిగింది. ఆ రోజు ఆ ట్రాకును మూడు మెట్లు దించి పెట్టి ఉంటే వాడు పాడేవాడేమో. ఆ సంగతి మాకు రెండేళ్ల తర్వాత, కాలేజీ హాస్టల్లో ఉండగా తెలిసింది.

2008లో ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి పాటలు పెట్టుకున్నాం. పాడవలసిన ఒక్కడికీ ట్రాకు శ్రుతి అందడం లేదు. కంప్యూటర్లో దించవచ్చని విని, సీడీలోని పాటలను పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకుని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాం. తీరా చూస్తే ఒక్కో పాట ఒక్క కేబీ ఉంది, ఏదీ మోగలేదు. అక్కడి అన్న నవ్వి, "ఇవి పాటలు కావురా. సీడీలో పాట ఎక్కడ ఉందో చెప్పే చీటీలు. చీటీ జేబులో పెట్టుకొచ్చి బియ్యం ఏవంటే ఎట్లా?" అన్నాడు. ఆడియో సీడీలో పాట మామూలు ఫైలులా ఉండదు. కంప్యూటరు చూపించే సీడీఏ అనేది 44 బైట్ల గుర్తు మాత్రమే. అసలు పాటను సీడీఎక్స్ లాంటి సాఫ్ట్‌వేరుతో బయటికి తీసి వేవ్ ఫైలు చేసుకోవాలి. దీన్నే రిప్పింగ్ అంటారు. నిమిషానికి పది ఎంబీ దాకా వస్తుంది. అయిదు నిమిషాల పాట యాభై ఎంబీ. మా పెన్‌డ్రైవు 128 ఎంబీ కాబట్టి రెండు పాటలకే నిండింది.

తర్వాత ఆడాసిటీ. 2000 నుంచీ ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేరు ఇది. అక్కడ మేము చేసిన తప్పు తమ్ముళ్లు చేయకండి. ఎఫెక్ట్ మెనూలో స్పీడు మార్చేది ఒకటి ఉంటుంది, పిచ్ మార్చేది ఇంకొకటి. మేము స్పీడు తగ్గించాం. శ్రుతి దిగింది గానీ, సెల్లులు వీకైన టేపురికార్డరులా పాట సాగిపోయింది. మూడు మెట్లు అలా దించితే అయిదు నిమిషాల పాట ఇంచుమించు ఆరు నిమిషాలవుతుంది. 'చేంజ్ పిచ్' తీసుకుని సెమీటోన్లు అన్నచోట మైనస్ మూడు అని కొడితే శ్రుతి ఒక్కటే దిగుతుంది, నడక మారదు. సెమీటోను అంటే హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టు, తెల్లదైనా నల్లదైనా. ఒక స్థాయికి పన్నెండు. పని అంతా వేవ్‌లోనే చేసుకుని, చివర ఒక్కసారి ఎంపీత్రీ చేయాలి.

ఎన్ని మెట్లు దించాలన్నది మాత్రం కంప్యూటరు చెప్పదు, పిల్లవాడి గొంతే చెప్పాలి. ముందు ట్రాకు లేకుండా పాడించండి. పల్లవి విని మోసపోకండి, చరణంలో అన్నిటికంటే పైకి వెళ్లే చోటు చూడండి. అక్కడ మెడనరాలు ఉబ్బకుండా పాడగలిగిన శ్రుతి ఏదో పట్టుకుని, ట్రాకు శ్రుతికి దానికి మధ్య మెట్లు లెక్కపెట్టండి. ఆడపిల్లల హాస్టల్ నుంచి వచ్చే చెల్లెళ్లకు మగవారి పాట ఇస్తే లెక్క ఇంకో రకంగా ఉంటుంది. ట్రాకు ఒకటిన్నర శ్రుతిలో ఉండి, అమ్మాయిది అయిదున్నర అయితే ఏడు మెట్లు పెంచవచ్చు, లేదా అయిదు దించవచ్చు. అయిదే దగ్గర. నిజానికి అయిదు కూడా ఎక్కువే. మూడు నాలుగు దాటితే డోలకు తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. పెంచితే ఆటబొమ్మ మోత. అప్పుడు పాటన్నా మార్చుకోవాలి, ట్రాకన్నా మానుకోవాలి. గొంతు మారే దశలో ఉన్న పిల్లవాడికి ఒక్కోసారి ఏ మెట్టూ కుదరదు. వాడికి ఆ ఏడాది యాంకరింగ్ ఇవ్వండి, వచ్చే ఏడాది పాడతాడు.

ఇక అసలు వాదన. శ్రుతి మార్చడం మోసమని, సినిమాలో ఉన్న శ్రుతిలోనే పాడితే ప్రతిభ అని, జడ్జీలుగా వచ్చే పెద్దలు కొందరు అంటున్నారు. వారిపట్ల గౌరవంతోనే మేము ఒప్పుకోం. సినిమా పాటకు శ్రుతి పెట్టేటప్పుడు పాడేవారి గొంతు చూసే పెడతారు. బాలుగారి గొంతుకు కుదిర్చిన శ్రుతిని తెచ్చి తొమ్మిదో తరగతి పిల్లవాడి నెత్తిన పెట్టి, అందలేదని మార్కులు తగ్గించడం ఏం న్యాయం? పౌరాణిక నాటకాల్లో పద్యం ఎత్తుకునే ముందు హార్మోనిస్టు నటుడి శ్రుతి పట్టుకునేవాడు. ఆ నటుణ్ణి ఎవరూ మోసగాడు అనలేదు. అంతెందుకు, డప్పు కొట్టే ముందు మంట దగ్గర కాచి మోత సరిచేసుకునే వాడల్లోంచి వచ్చిన పిల్లలం మనం. వాద్యాన్ని సరిచేసుకోవడం తప్పని మనకు చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు.

తప్పిన స్వరాన్ని లాగి సరిచేసే యంత్రాలు వేరే ఉన్నాయి. 1997లో వచ్చిన ఆటోట్యూన్ అలాంటిది. పోటీలో అది వాడితే మోసమే, మేమే ముందు లేచి అరుస్తాం. ట్రాకు దించితే పిల్లవాడి గొంతును ఎవరూ ముట్టుకోవడం లేదు. తప్పు పాడితే తప్పుగానే వినిపిస్తుంది.

కరోకే పుట్టిందే ఇలా. జపాన్‌లోని కోబేలో ఇనోయుయే దైసుకే అనే వాద్యకారుడు ఉండేవాడు. తమ ఊరి ప్రయాణానికి వచ్చి వాయించమని ఒక చిన్న కంపెనీ యజమాని అడిగితే, వెళ్లడం కుదరక, ఆ మనిషి పాడే తీరుకు తగ్గట్టు వాయించి టేపు ఇచ్చాడు. అది పనిచేయడం చూసి 1971లో యంత్రాలు చేయించి బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు, పాపం. పాడడం సరిగా రాని ఒక మనిషి కోసం కొలిచి కుట్టిన చొక్కా అది. జపాన్ కరోకే యంత్రాల మీద శ్రుతి పెంచే, తగ్గించే మీటలు ఉండడం అందుకే వింతేమీ కాదు. మనం ఆ చొక్కాను రెడీమేడ్‌గా తెచ్చుకుని, పట్టలేదని పిల్లవాణ్ణి తిడుతున్నాం.

ఇప్పుడు ఈ పని ఫోనులోనే అయిపోతుంది. ట్రాకులు యూట్యూబులో ఉన్నాయి, మెట్టు మార్చే యాప్‌లు ఉన్నాయి. అయినా నిరుటి హాస్టల్ డేలో మేము చూసింది అదే సీను. నెట్లోంచి ట్రాకు పెట్టారు, ఎనిమిదో తరగతి పిల్లవాడు చరణం సగంలో మైకు కింద పెట్టి దిగిపోయాడు. ఈసారి ముందు వరుసలో మేము నవ్వలేదు. వెనకవాళ్లు నవ్వారు.

కాబట్టి కమిటీ వారికి మా విజ్ఞప్తి. పేర్లు ఇచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ పోటీకి వారం ముందే ఒకసారి పాడించి వినండి. ఎవరి ట్రాకు వారికి కుదిర్చి, ఫైలు మీద పేరు, మెట్టు రాసి పెట్టండి. స్టేజీ మీద ఆ సంగతి ప్రకటించనక్కర్లేదు. కంప్యూటరు గదిలో ఒక సాయంత్రం పని.

ఆఫీసు గదిలో పాత సీడీల రేకుపెట్టె ఒకటి ఉంది. వాటిలో కొన్నింటికి ఇప్పటికే బూజు పట్టింది, కొత్త కంప్యూటర్లలో చాలావాటికి సీడీ పెట్టే చోటే లేదు. వచ్చే ఆదివారం బయటి నుంచి తగిలించే డ్రైవు ఒకటి మేము తెస్తాం. 2006 నాటి ఆ సీడీ కూడా అందులోనే ఉందట, తాళంచెవి వాచ్‌మన్ అన్న దగ్గర ఉంది. ఆ తమ్ముడికి కూడా ఫోను చేశాం. చూద్దాంలే అన్నాడు.