ఎనుము అంటే గేదె

మదనపల్లెలో కుప్పం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది కదా అని సంచిలోంచి కథల సంకలనం తీశాను. అన్నీ ఈ నాలుగైదేళ్ల కథలే. పుంగనూరు చేరేలోపు మూడయ్యాయి. నాలుగోది మన వైపు కథ. రెండో పేజీలో ‘ఎనుము’ అన్న మాట నెత్తిన చిన్న నక్షత్రం. పేజీ అడుగున దాని అర్థం: గేదె.

నాకు కథ ఆ నక్షత్రం దగ్గరే ఆగిపోయింది. వెనక్కి తిప్పి చూశాను. అంతకు ముందు కథలో ‘అప్రైజల్’ ఉంది, ‘నోటీస్ పీరియడ్’ ఉంది. వాటికి నక్షత్రాల్లేవు. నాలుగు ఎనుముల్ని మేపి కొడుకును ఇంజినీరింగు చదివించిన తల్లి ఈ పుస్తకం తెరిస్తే, నోటీస్ పీరియడ్ దగ్గర ఎవరినడగాలి? ఏ మాటకు అర్థం రాయాలో తేల్చేవాడు, చదివేదెవరో కూడా ముందే తేల్చేసుకుంటున్నాడు. పుస్తకం పేరు చెప్పను. ఈ అలవాటు ఒక్కరిది కాదు.

సంకలనాల మీద నాకు చిన్నచూపేమీ లేదు. వారపత్రికలో పడ్డ కథ పైవారానికి అంగట్లో పొట్లమైపోతుంది. 1990 నాటి కథలతో వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ మొదలుపెట్టిన ‘కథ’ వరస గానీ, మధురాంతకం నరేంద్ర తెచ్చిన ‘కథావార్షిక’ గానీ లేకపోతే ఎన్ని మంచి కథలు పాత కాగితాల తూకంలో పోయేవో. ఇక అర్థం రాయకపోతే శ్రీకాకుళం పాఠకుడికి ఎనుము తెలియదు కదా అంటారు. ఆ వైపు పలుకుబడి తెలియదని మనం కాళీపట్నం రామారావు కథలు చదవడం మానేశామా? రెండు పేజీలు తడుముకున్నాం, మూడో పేజీకి అలవాటైపోయింది.

మన పాత చిత్తూరు జిల్లాలో ఈ గొడవ ఎప్పుడో తేలిపోయింది కూడా. దామలచెరువు మేష్టారు మధురాంతకం రాజారాం, 1993లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్నాయన, కథను నెమ్మదైన పుస్తకాల తెలుగులో నడిపి ఊరి మాటను పాత్రల నోట ఉంచారు. ఆ తర్వాత నామిని సుబ్రమణ్యం నాయుడు వచ్చి ఆ గోడ తోసేశాడు. ‘పచ్చనాకు సాక్షిగా’లో కథ చెప్పే పిల్లోడి నోరే ఊరి నోరు. అర్థాల పట్టిక కోసం ఎవరూ ఆగలేదు. రాష్ట్రమంతా చదివింది, నవ్వింది, ఏడ్చింది.

ఇప్పుడు మళ్లీ వెనక్కి నడుస్తున్నామా అనిపిస్తుంది. పుంగనూరు ఆవు గతి చూడండి. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే ఆ పొట్టి ఆవు నగరాల్లో ఇళ్ల హాళ్లలోకి చేరింది. లక్షలు పోసి కొని ఫొటోలు దిగుతున్నారు. కొన్ని కథల్లో మాండలికం కూడా అట్లాగే ఉంది. నాలుగు ‘యాడికి’లు, రెండు ‘రాగి సంగట్లు’ హాల్లో కట్టేసి ఉంటాయి. మిగతా ఇల్లంతా వేరే భాష.

ఆ నాలుగో కథ టమోటా రైతుది. చివర్లో ధర లేక పంట రోడ్డు పాలవుతుంది. అబద్ధం కాదు, మదనపల్లె మార్కెట్టు దారిలో నేనూ చూశాను, ఎర్రటి గుట్టలూ, వాటి మీద ఆవులూ. కానీ ఈ ముగింపు ఇప్పటికి ఎన్నిసార్లు చదివాం! 2023 జూలై ఆఖర్లో ఇదే మార్కెట్టులో కిలో ధర రెండొందల దరిదాపుల్లోకి పోయింది. ఆ నెలలో కాయ చేతికొచ్చిన రైతు తోటలోనే మంచమేసుకుని కాపలా పడుకున్నాడు. చుట్టాల పలకరింపులు మారిపోయాయి. పక్క చేనివాడు, నిన్నటిదాకా బీడీ పంచుకున్నవాడు, అదే నెలలో కాయ లేనివాడు, గట్టు మీద నిలబడి ఏం చూస్తుంటాడు? ఆ కథ ఈ పుస్తకంలో లేదు. నేను చదివిన మరే సంకలనంలోనూ కనబడలేదు.

పలమనేరు దాటాక, వి.కోటలో ఒకామె చంటిబిడ్డతో ఎక్కింది. ఫోనులో ఎవరితోనో అరవం. కండక్టరు చిల్లర లేదంటే అతనితో కన్నడం. ఆ తర్వాత బిడ్డ వైపు తిరిగి, “సూడు నాయనా, బిన్నా పోతాము, అవ్వ కాసుకోనుంటాది” అంది. మూడు భాషల మధ్య ఊపిరి తీసుకున్నంత ఎడం కూడా లేదు. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో కుప్పంలో పెట్టారంటే ఊరికే పెట్టలేదు. రోజూ రైలెక్కి బెంగుళూరుకు కూలికో కంపెనీకో పోయి రాత్రికి తిరిగొచ్చే కుప్పం మనిషి కథను ఉన్నదున్నట్టు రాస్తే, పేజీ సగం నక్షత్రాలే అవుతాయి. అందుకే ఎవరూ రాయడం లేదేమో.

ఇంత రాశాక నా సంగతి కూడా చెప్పాలి. పోయిన ఏడాది మా పత్రికకు ఈ వైపు కుర్రాడొకడు కథ పంపాడు. అందులో ముసలామె మడికయ్యలో జారి పడుతుంది. అందరికీ అర్థం కావాలని దాన్ని ‘వరిపొలం’ చేసిన పెన్ను నాదే. అచ్చయ్యాక ఫోన్ చేశాడు. కోపంగా ఏమీ లేడు.

“మాయవ్వకు సదివి ఇనిపించినా సార్. అంతా ఇని, ‘ఆ వరిపొలంలో పడిన ముసలిది ఎవుర్రా, పాపం’ అనింది.”