గింజ చెప్పిన చరిత్ర

శాసనాలు, నాణేలు, శిల్పాలు మాత్రమే చరిత్రకు ఆధారాలని మనలో చాలామంది భావిస్తారు. శాసనం వేయించినవాడు రాజు. నాణెం ముద్రింపించినవాడూ రాజే. పశువులను మేపినవాని బ్రతుకు, పైరు పండించినవాని బ్రతుకు వాటిలో కనిపించేది అరుదు. ఆ లోటును తీర్చగలిగినవి పాత ఊళ్ల దిబ్బలలో దొరికే జంతువుల ఎముకలు, మాడిన గింజలు.

దక్కనులోని బూడిద దిబ్బలు అగ్నిపర్వతాల వల్ల ఏర్పడ్డాయని ఒకప్పుడు కొందరు ఊహించారు. 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బను తవ్వించాడు. పొరలు పొరలుగా కాలిన పేడ, దడి గుంజలు పాతిన గుంటలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి అని తేలింది.

ఎముకలూ ఇట్లే మాట్లాడతాయి. పళ్ల అరుగుదలను బట్టి పశువు వయస్సు, ఎముకపై గాట్లను బట్టి దానిని కోసిన తీరు తెలుస్తాయి. ఇక గింజల సంగతి. పచ్చిగింజ మట్టిలో కుళ్లిపోతుంది. మాడి బొగ్గైన గింజ వేల ఏళ్లు నిలుస్తుంది. తవ్విన మట్టిని నీటిలో కలిపితే మన్ను అడుగుకు చేరి, ఆ గింజ పైకి తేలుతుంది. నాటి ఇల్లాలికి నష్టమైనది నేటి చరిత్రకు లాభమైంది! కడప, కర్నూలు ప్రాంతాల నవీన శిలాయుగ స్థలాలలో ఈ విధంగానే ఉలవలు, పెసలు, అండుకొర్రలు లభించాయి. మన సంగటికి మూలమైన రాగి ఆఫ్రికా నుండి వచ్చిన పంట. ఉలవ మాత్రం ఈ దేశపు నేలలోనే పుట్టింది.

ఆకుకూరలు, దుంపలు ఇట్లు మిగలడం అరుదు కనుక ఈ సాక్ష్యం అసంపూర్ణమని కొందరనవచ్చు. నిజమే. కాని శాసనం మాత్రం సంపూర్ణ సత్యం చెబుతుందా? తవ్వకాలలో మట్టిని జల్లెడ పట్టకుండా పారబోయడం శాసనాన్ని పగులగొట్టడంతో సమానమని నా అభిప్రాయం.

ఎరువు కోసం, పొలాల కోసం ఇప్పటికే ఎన్నో బూడిద దిబ్బలు తరిగిపోయాయి. రేపు గూడూరు నిమ్మతోటలో బావి తవ్వుతున్నప్పుడు పాత కుండపెంకులతో ఎముకలు, నల్లని గింజలు కనిపిస్తే వాటిని కదిలించక పురావస్తు శాఖకు తెలియజేయడం విద్యార్థుల కర్తవ్యం. పేరు చెక్కించుకోలేని పూర్వికులు మనకు వదిలిన వ్రాతలు అవే.