చప్పట్లు కొట్టే ముందు ఆగండి: ఎన్‌కౌంటర్లు, కానిస్టేబుల్ పోస్టులు, మనం



పోస్టు పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనుకుంటే చదివినాక తిట్టండి, పడతాం.

పోయిన వారం మన గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ఎక్కడో ఎవరినో పోలీసులు కాల్చేశారు. కింద కామెంట్లు చూశాం. "సూపర్ సార్", "ఇట్టాంటోళ్లకి ఇదే కరెక్ట్", "కోర్టులెందుకు, టైం వేస్ట్". ఆ కామెంట్లు పెట్టింది బయటోళ్లు కాదు, మన పిల్లకాయలే. అందులో సగం మంది కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం మాలాగే పొద్దున నాలుగున్నరకి లేచి 1600 మీటర్లు పరిగెత్తేవాళ్లు. అందుకే నాయుడుపేట హాస్టల్లో ఉంటున్న మేము కొంతమందిమి కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం.

ముందు మన పక్కనే జరిగింది చెప్పుకుందాం. నాయుడుపేటలో బస్సెక్కితే శ్రీకాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతి. అక్కడికి దగ్గర్లోనే శ్రీవారి మెట్టు. ఆ పక్కనున్న శేషాచలం అడవిలో 2015 ఏప్రిల్ 7న తెల్లవారుజామున 20 మందిని ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్చి చంపింది. చనిపోయినవాళ్లంతా తమిళనాడు కూలీలు. వాళ్లలో చాలామంది జవ్వాది కొండల వైపు మలయాళీ గిరిజనులు. అంటే ఎస్టీలు, మనోళ్లు. రాళ్లు, గొడ్డళ్లతో మా మీద పడ్డారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అని పోలీసులు చెప్పారు. చనిపోయినవాళ్లలో కొందరిని ముందురోజే బస్సులోంచి దించి పట్టుకుపోయారని, తప్పించుకుని బతికినవాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. సీబీఐ దర్యాప్తు జరగాలని, కుటుంబాలకి అయిదేసి లక్షలు మధ్యంతర సాయం ఇవ్వాలని కమిషన్ సిఫార్సు చేసింది. పదేళ్లు దాటింది. ఒక్కరికీ శిక్ష పడలేదు.

అదే రోజు తెలంగాణలో ఆలేరు దగ్గర ఇంకోటి జరిగింది. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకి తీసుకుపోతున్న అయిదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యాన్‌లోనే తూటాలకి చనిపోయారు. వాళ్ల చేతులకి బేడీలు ఉన్నాయి. అక్కడా ఆత్మరక్షణ అనే చెప్పారు.

ఇప్పుడు మీరు అడిగే ప్రశ్నలు మాకు తెలుసు. ఒక్కోటి చూద్దాం.

"దొంగలకి కూడా మానవ హక్కులా?" ఈ ప్రశ్న వేరేవాళ్లు అడిగితే ఊరుకుంటాం. మనం అడగకూడదు. 1871లో బ్రిటిషోళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తగిలించారు. ఎరుకల తాతల్ని, యానాదుల్లో కొన్ని గుంపుల్ని పుట్టుకతోనే దొంగలని రాసేశారు. స్టేషన్‌కి పోయి హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్లు ఏళ్లకేళ్లు కొట్లాడితే, స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకి, 1952లో ఆ చట్టం పోయింది. చట్టమైతే పోయింది, చూపు పోలేదు. మా రూంలో ఒకడి నాన్న రొయ్యల గుంటల కాడ కావలి ఉంటాడు. పక్క గుంట కాడ మోటారు పోతే రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. మోటారు తర్వాత వేరేవాళ్ల దగ్గర దొరికింది. ఆయనకి సారీ చెప్పినోళ్లు లేరు. ఆ రెండు రోజుల్లో ఎవరి చేతిలోనో తుపాకీ పేలి ఉంటే మరుసటి రోజు పేపర్లో ఏం రాస్తారు? "దొంగ పారిపోతుంటే..." అని. కింద మనోళ్లే "సూపర్ సార్" అని పెడతారు.

ఇంకో సంగతి. చెట్టు కొట్టిన నేరానికి ఉరి లేదు, యావజ్జీవం లేదు. అలాంటి శిక్ష పడే నేరం ఆరోపణ లేనివాడిని అరెస్టు చేసే పేరుతో చంపే హక్కు పోలీసులకి లేదని పాత సీఆర్‌పీసీ 46వ సెక్షన్లోనే ఉంది. ఇప్పుడొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 43వ సెక్షన్లో కూడా అదే మాట ఉంది. ప్రాణం మీదికి వస్తే కాపాడుకునే హక్కు పోలీసుకీ ఉంది, అందరికీ ఉంది. కానీ నిజంగా ప్రాణం మీదికి వచ్చిందా లేదా అన్నది తేల్చాల్సింది కాల్చినవాళ్ల ప్రెస్‌మీట్ కాదు, కోర్టు.

"మరి పోలీసులు, ఫారెస్టోళ్లు చావట్లేదా?" చస్తున్నారు. 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో ఇద్దరు ఫారెస్టు అధికారుల్ని స్మగ్లింగ్ ముఠా దారుణంగా చంపింది. వాళ్ల పిల్లల ఏడుపూ ఏడుపే, దాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ ఒక్కటి ఆలోచించండి. దుంగ మోసేవాడికి దక్కేది కూలి. దాన్ని ఓడ ఎక్కించి దేశం దాటించేవాడికి దక్కేది కోట్లు. అడవిలో తూటా తగిలింది వీళ్లలో ఎవరికి? కూలీ చచ్చిపోతే పైవాడి పేరు చెప్పే సాక్షి కూడా చచ్చిపోయినట్టే. ఆ ఇద్దరు అధికారులకి న్యాయం జరగాలన్నా కూలీ బతికి కోర్టుకి రావాలి.

"రేపు నువ్వే కానిస్టేబుల్ అయితే ఇట్టాగే మాట్లాడతావా?" అసలు ప్రశ్న ఇదే. అవును, అప్పుడు ఇంకా గట్టిగా మాట్లాడాలి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని కాల్చినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ అంతా విచారించింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. ఆ పది మందిలో ఎక్కువమంది కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్ స్థాయి వాళ్లే. పూలు చల్లినోళ్లు ఇళ్లకి పోయారు, నివేదికలో పేర్లు మాత్రం వీళ్లవి మిగిలాయి. కోటాలో ఉద్యోగం తెచ్చుకున్న మన అన్నదమ్ములు నిలబడేది ఆ వరసలోనే. పైనుంచి మాట వస్తుంది, కింద వేలు ట్రిగ్గర్ మీద ఉంటుంది. చట్టం అడిగేది వేలినే.

అందుకే మేము అడుగుతున్నాం: ఆ వేలిని ఎట్టా ఎంపిక చేస్తున్నారు?

2022 నవంబరులో మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. సివిల్ 3,580, ఏపీఎస్పీ 2,520. మగవాళ్లకి ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఛాతీ 86.3, గాలి పీలిస్తే ఇంకో అయిదు పెరగాలి. పరుగు, లాంగ్‌జంప్, అర్థమెటిక్, రీజనింగ్, జీకే. అన్నీ కొలుస్తారు. తుపాకీ చేతికిచ్చే ముందు ఈ మనిషికి కోపం వస్తే ఏం చేస్తాడు, భయం వేస్తే ఏం చేస్తాడు, ఎదుటివాడి కులం, భాష చూసి చెయ్యి లేస్తుందా అన్నది కొలిచే పరీక్ష అందులో ఎక్కడుంది? తెలంగాణ సిలబస్‌లో నైతికత, బలహీన వర్గాల పట్ల సున్నితత్వం లాంటివి చేర్చారు. మంచిదే. కానీ నాలుగు ఆప్షన్లలో ఒక బబుల్ దిద్దితే మనిషి బయటపడతాడా? ఏది దిద్దితే మార్కొస్తుందో కోచింగ్ సెంటర్లో చెప్పేస్తారు.

ఇది మా సొంత కోరిక కాదు. 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి సదస్సు పోలీసుల బలప్రయోగం మీద సూత్రాలు ఆమోదించింది. ఆయుధం పట్టేవాళ్లని శరీరంతో పాటు మనసు, నడవడిక చూసి ఎంపిక చెయ్యాలని, ఉద్యోగంలో ఉన్నంతకాలం మధ్యమధ్య మళ్లీ పరీక్షించాలని అందులో ఉంది.

ఇక టేపు సంగతి. ఏజెన్సీ జిల్లాల గిరిజనులకి ఎత్తులో సడలింపు ఉంది, 160 చాలు. అది వాళ్ల హక్కు, ఉండాల్సిందే. కానీ మైదానంలో ఉండే యానాదులకి, ఎరుకలకి అది వర్తించదు. మా హాస్టల్లో ఉండి పోయిన ఒక అన్న ప్రిలిమ్స్ పాసయ్యాడు, పరుగులో ఫస్టు ఉండేవాడు. ఎత్తు 164. పాడేరు ఏజెన్సీలో పుట్టి ఉంటే లోపలికి పోయేవాడు. స్వర్ణముఖి ఒడ్డున పుట్టాడు గనక బయటికి పంపించారు. మూడు తరాలు గంజి తాగి బతికిన ఇంట్లో పిల్లోడు ఎంత ఎత్తు పెరుగుతాడు సార్? ఇప్పుడు ఈ అన్న ఒక కంపెనీ గేటు కాడ సెక్యూరిటీ.

ఈ రెండు మాటలూ వేరు వేరు కాదు. మూడున్నర సెంటీమీటర్ల కోసం ఓర్పు ఉన్నవాడిని తీసేసే ఎంపిక, ఓర్పు లేనివాడిని కొలవకుండానే లోపలికి పంపిస్తుంది. స్టేషన్లో మన గూడెం గురించి తెలిసినవాడు ఒకడుంటే "వీళ్లు దొంగలు కాదు సార్" అనే నోరు ఒకటి ఉంటుంది.

మేము అడిగేవి ఇవి:

ఒకటి, మైదాన ప్రాంత గిరిజనులకి కూడా ఎత్తు, ఛాతీ సడలింపు ఇవ్వాలి.

రెండు, ఆయుధం ఇచ్చే ముందు నిపుణులు ఎదురుగా కూర్చుని చేసే మానసిక పరీక్ష ఉండాలి. ఉద్యోగంలో చేరినాక కూడా జరగాలి. కాల్పుల్లో పాల్గొన్నవాళ్లకి కౌన్సెలింగ్ ఇవ్వాలి, వాళ్లూ మనుషులే.

మూడు, 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు కాగితం మీద ఉంటే చాలదు. ఎఫ్‌ఐఆర్ కట్టాలి. సీఐడీ గానీ వేరే స్టేషన్ టీమ్ గానీ దర్యాప్తు చెయ్యాలి. మెజిస్ట్రేట్ విచారణ జరగాలి. ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, అవార్డులు ఇవ్వకూడదు.

నాలుగు, ఇది ప్రభుత్వాన్ని కాదు, మనల్ని మనం అడిగేది. ఈ గ్రూపులో ఎన్‌కౌంటర్ వీడియోలకి చప్పట్లు ఆపాలి. వీడియో వస్తే మొదటి కామెంట్ "ఎఫ్‌ఐఆర్ కట్టారా?" అని ఉండాలి.

మొదటి మూడింటి మీద అర్జీ రాస్తున్నాం. రిక్రూట్‌మెంట్ బోర్డుకి, గిరిజన సంక్షేమ శాఖకి పంపిస్తాం. సంతకం పెట్టేవాళ్లు కింద పేరు, ఊరు రాయండి. ఎత్తు దగ్గర ఆగిపోయినవాళ్లు ఎన్ని సెంటీమీటర్ల తేడాతో ఆగిపోయారో కూడా రాయండి. ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోరో రాయండి, జవాబు చెప్తాం.

రేపు పొద్దున నాలుగున్నరకి మళ్లీ గ్రౌండ్‌కి పోతాం. పోలీసు ఉద్యోగం మాకు కావాలి. మా నాన్నల్ని చూసి భయపెట్టే ఉద్యోగం మాత్రం కాదు.

నాయుడుపేట హాస్టల్ నుంచి
మీ తమ్ముళ్లు