వెనక పెరడుంది కదండీ!

కోనసీమ మీద వ్యాసం అంటే మనకి మండువా లోగిలి, కొబ్బరి తోట, పనసపొట్టు కూర. బజారు వీధి ఎవరికీ గుర్తు రాదు. ముందు కొట్టు, వెనకో పైనో కాపురం ఉన్న పాత పెంకుల కప్పు కట్టడాలు అమలాపురం, రాజోలు, కొత్తపేట బజార్లలో ఇంకా కొన్ని మిగిలాయి. లోగిలికి దొరికినంత కవిత్వం వాటికి దొరకలేదు. అందుకే పడిపోతున్నా ఎవరూ ఏడవరు.

మా తాత కొట్టు అలాంటిదే. డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దామంటాడు బాబాయి. నాన్న కాదనడు, 1996 నవంబరు తుఫానులో పెంకులు లేచిపోయిన రాత్రి ఆయనకింకా గుర్తుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో కూర్చుని "అది మన వారసత్వం" అని నేను వాట్సాప్‌లో పెడితే బాబాయి ఒక్కటే అడిగాడు: "నువ్వొచ్చి ఉంటావేంట్రా?"

పాత ఇళ్ల మీద కన్నీళ్లు కార్చే మనం, అందులో బాత్రూమ్ ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ ఆలోచించం. కూల్చేవాడికన్నా మనమేం మెరుగు?

కానీ కూల్చక తప్పదన్నదీ అబద్ధమే. ఆ సున్నపు గోడలు ఇంకో అంతస్తు మోయలేవు, నిజమే. మోయమని ఎవరన్నారు? వెనక పెరట్లో సొంత పునాది, సొంత స్తంభాల మీద కొత్త వాటాలు లేపండి. మనది మెత్తటి ఒండ్రు నేల, కొత్త కట్టడం కొంత కుంగుతుంది. పాతదానికి అతికిస్తే గోడ బీటలు వారుతుంది కాబట్టి మధ్యలో సందు వదలండి. వాసాల్నీ దూలాల్నీ ఇనప పట్టీలతో గోడలకి బిగించండి. సున్నం పూత గోడలోని చెమ్మని బయటికి పోనిస్తుంది, సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది. మనం రిపేరని సిమెంటు కొట్టించి, అది ఉబ్బి ఊడిపోయాక "పాతది, పనికిరాదు" అంటాం.

ఇదేం కొత్త వింత కాదు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టిన పత్తర్‌గట్టిలో కింద కొట్లు, పైన ఇళ్లు. సింగపూర్ 1989లో పాత షాప్‌హౌస్ పేటలకి రక్షణ ఇచ్చింది. కొన్ని పేటల్లో ముందు భాగం అలాగే ఉంచి, వెనక ఎత్తు పెంచుకోనిస్తుంది. మనం టూర్‌కెళ్లి వాటి ముందు ఫొటోలు దిగొస్తాం.

మన మున్సిపాలిటీలూ ముందు భాగం నిలిపినవాళ్లకి వెనక ఒక అంతస్తు ఎక్కువ ఇవ్వొచ్చు. అడిగేవాళ్లు కావాలి. బాబాయికి నా జవాబు: కొట్టు అద్దెకిద్దాం, వెనక రెండు వాటాలు వేద్దాం, ఒకదాంట్లో నేనుంటాను. మీకూ అలాంటి కొట్టులో వాటా ఉంటే, కవిత రాసే ముందు పెరడు కొలవండి.