గుండ్రని అక్షరాల ఊరు

పిల్లల బడి వార్షిక సంచిక మీ ఇంట్లో ఎక్కడ ఉన్నది? చాలా ఇళ్ళలో దాని చోటు అటకమీద. పంచిపెట్టిన రోజున పిల్లవాడు తన ఫోటో ఉన్న పేజీ తీసి చూపిస్తాడు, తల్లి మురిసిపోతుంది, అంతటితో దాని పని అయిపోతుంది. మొదట పెద్దల సందేశాలు, తరువాత నివేదిక, ఆపైన రిబ్బను కత్తిరిస్తున్న ఫోటోలు, "కాలం విలువ" మీద ఒక వ్యాసం, చివర ప్రకటనలు. అట్ట మారిస్తే ఏ ఊరి బడికైనా, ఏ సంవత్సరానికైనా సరిపోతుంది. తప్పు పిల్లలది కాదు. "ఏదైనా రాసి పట్టుకురండి" అని మనమే అడుగుతాం. ఏదైనా రాయమంటే ఎవరైనా ఎక్కడో ఉన్నదే ఎత్తి రాస్తారు.

అందుకే సంచికకు ఒక ఇతివృత్తం ఉండాలంటాను. మా మేనకోడలి కూతురు అమెరికాలో హైస్కూలు చదువుతున్నది. అక్కడి బళ్ళలో ఏటా వేసే ఇయర్‌బుక్కును కిందటి సెలవుల్లో తెచ్చి చూపించింది. అది కథల పుస్తకం కాదు. ఆ ఏడాది బడిలో ఎవరెవరున్నారు, ఏమేమి జరిగింది అన్నదానికి బొమ్మల దస్తావేజు. ముందుగా ఒక మాట ఎంచుకుంటారు. ఆ మాట అట్టమీద కనిపిస్తుంది, తొలి పేజీల్లో విచ్చుకుంటుంది, చదువులు, ఆటలు, మనుషులు అంటూ విభాగం మారినచోటల్లా కొత్త రూపంలో పలకరిస్తుంది, ఆఖరి పేజీలో ముగుస్తుంది. రంగులు, అక్షరాల తీరు, గీతలు అన్నీ దానికి లోబడే ఉంటాయి. కంటికి ఒక దారం, కథకు ఒక దారం, రెంటికీ ఒకటే ముడి అన్నమాట.

ఈ పాఠం కిందటి ఏడు మాకు అక్కరకు వచ్చింది. మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. ఇక్కడ చాలా తెలుగు కుటుంబాలు ఎక్కడికీ కదలలేదు, సరిహద్దే కదిలింది. నేను చదివిన బడి సంచికలో ఇంగ్లీషు, ఒడియా, హిందీ విభాగాల తరువాత, చివరన తెలుగు. ఒకప్పుడు 16 పేజీలున్నది 8 అయింది, కిందటి ఏడు 4 చేద్దామన్నారు. ప్రధానోపాధ్యాయులవారి మాటలో విరోధమేమీ లేదు. "రాసేవాళ్ళేరండీ? ఖాళీ పేజీలు వెయ్యలేం కదా!" అన్నారు. లెక్కల్లో బతికేవాణ్ణి, ఆ లెక్క కాదనలేను. పూర్వ విద్యార్థుల తరఫున సంచిక సంఘంలో ఉన్నాను గనుక ఒక్కటే కోరాను. పేజీలు తగ్గించే ముందు ఇతివృత్తం పెట్టి ఒక్క ఏడు చూద్దామని.

"ప్రగతి పథం", "నవోదయం", "భిన్నత్వంలో ఏకత్వం" అని సూచనలు వచ్చాయి. మంచి మాటలే. కాని ప్రగతిని ఫోటో తీసేదెలా? సూర్యోదయం బొమ్మ వేసి ఊరుకుంటాం. అప్పు మంజూరు చేసేముందు మా బ్యాంకులో ప్రశ్నలు వేస్తాం. ఇతివృత్తానికీ మూడు ప్రశ్నలు వేశాను. పిల్లవాడు బడి గేటు దాటి వెళ్ళి దాన్ని వెతికి పట్టుకురాగలడా? దాన్ని చూపించి ఇంట్లో పెద్దవాళ్ళను "ఇదేమిటి?" అని అడగగలడా? కలిగిన ఇంటికీ లేని ఇంటికీ, తెలుగింటికీ ఒడియా ఇంటికీ అది సమానంగా దొరుకుతుందా? "ప్రగతి పథం" మూడింటిలోనూ తప్పింది.

నెగ్గిన సూచన తొమ్మిదో తరగతి నుంచి వచ్చింది. తెలుగు టీచరు బోర్డుమీద తెలుగూ ఒడియా పక్కపక్కన రాయించి తేడా చెప్పమంటే, ఒక కుర్రవాడు "రెండూ గుండ్రంగానే ఉన్నాయి కదండీ" అన్నాడట. నిజమే. తాటాకుమీద గంటంతో అడ్డగీత గీస్తే ఈనె వెంట ఆకు చీలిపోతుంది, అందుకే ఈ రెండు లిపులూ ఒంపులు తిరిగాయని చెబుతారు. ఆ కుర్రవాడి మాటే సంచికకు పేరయింది, "గుండ్రని అక్షరాల ఊరు". ప్రతి ఒక్కరూ తమ వీధిలో గుండ్రని వస్తువు ఒకటి వెతికి ఫోటో తియ్యాలి, దాని కథ అడిగి తెలుసుకుని, వచ్చిన భాషలో రాయాలి.

ఏమి వచ్చాయనుకున్నారు? మా ఊరు అప్పడాలకూ ఊరగాయలకూ పేరుపడ్డది గనుక అప్పడాలూ జాడీ మూతలూ ముందే వచ్చాయి. పట్టు నేసే ఇంటినుంచి రాట్నం చక్రం వచ్చింది. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో వీధులు తిరిగే అమ్మవారి ఘటం వచ్చింది. ఒక ఒడియా అబ్బాయి వాళ్ళ తాతగారి గంజపా ఆట ముక్కలు తెచ్చాడు. చేత్తో బొమ్మలు వేసే ఆ పేకముక్కలు గుండ్రంగా ఉంటాయి.

అట్టమీద ఒక్కటే పెద్ద సున్నా గీయించాం. లోపల చదువుల విభాగం ముందు అది కంపాసుతో గీసిన వృత్తం, ఆటల ముందు బంతి, మధ్యాహ్న భోజనం ముందు పళ్ళెం, మనుషుల ముందు నుదుటి బొట్టు, ఆఖరి పేజీలో వాక్యం చివరి చుక్క. భాషల వారీ విభాగాలు తీసేశాం. తెలుగింటి కథ ఎదురుగా ఒడియా ఇంటి కథ వచ్చింది. తెలుగును నెట్టడానికి వెనక పేజీలంటూ లేకుండా పోయాయి.

ఒకమ్మాయి అప్పడాల పీట ఫోటో తెచ్చింది. దానితో ఇచ్చిన కాగితం నిండా ఒడియా అక్షరాలే, పైకి చదివితే అన్నీ తెలుగు మాటలే! నాన్నమ్మ చెబుతూంటే విన్నది విన్నట్టు తనకు వచ్చిన అక్షరాల్లో రాసుకున్నది. భర్త పోయాక ఆవిడ ఆ పీటమీద అప్పడాలు ఒత్తి, ఇంటింటికీ ఇచ్చి, ముగ్గురు పిల్లలను చదివించిందట. "మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు మావయ్యగారూ" అన్నది ఆ పిల్ల.

ఇది ఒడియానా, తెలుగా అని సంఘంలో పెద్ద చర్చే జరిగింది. తెలుగు టీచరు తాను తిరగరాసి ఇస్తానన్నారు. చివరికి ఆ కాగితాన్ని ఎడమ పేజీలో ఉన్నదున్నట్టు వేశాం. కుడి పేజీలో అవే మాటలను తెలుగు అక్షరాల్లో ఆ అమ్మాయి చేతనే రాయించాం. అక్షరాలు దిద్దుకుంటూ రాయడానికి మూడు వారాలు పట్టింది. సంచిక వచ్చాక, చదవడం రాని నాన్నమ్మ తన పేరు ఎక్కడున్నదో వేలు పెట్టి చూపించమన్నదట. లెక్కపెడితే తెలుగు పేజీలు 19 తేలాయి. ప్రధానోపాధ్యాయులవారు ఈ ఏడు 4 పేజీల మాట ఎత్తలేదు.

మీ ఊళ్ళో ఈ పనికి పూనుకునేవారికి నాలుగు మాటలు చెబుతాను. జర్నల్ ఎంట్రీ కింద "బీయింగ్" అంటూ ఒక వివరణ వాక్యం లేకపోతే కామర్స్‌లో మా మాస్టారు మార్కు కోసేవారు. ఫోటోకూ అదే సూత్రం. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం, ఏం చేస్తున్నారు అన్నది కింద ఉండాలి. పేర్లు లేని గ్రూప్ ఫోటో ఇరవై ఏళ్ళకు ఎవరికీ చెందని ఖాతా అవుతుంది. ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి చిక్కిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. అచ్చులో అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే 1200 చుక్కల వెడల్పున్న ఫోటో 4 అంగుళాలకు మించి సాగదు. పేజీలు 16 చొప్పున ఒక ఫారంగా అచ్చవుతాయి కాబట్టి మొత్తం 48 గానో 64 గానో కట్టుకోండి. రంగుల పేజీలన్నీ ఒకే ఫారంలో పడితే ఖర్చు కలిసివస్తుంది. తెలుగు చదవలేని ప్రెస్సులో ఫాంటు మారితే వత్తులు చెదిరిపోతాయి, ఆఖరి ప్రూఫు తెలుగు వచ్చినవారే చూడాలి. పిల్లల ఫోటోలు వేసే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, చిరునామాలు వెయ్యకండి.

మా సున్నాను ఎత్తుకుపోవద్దు సుమా! మీ ఊరిది మీకే ఉన్నది. షోలాపూరులో మగ్గం ఉన్నది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో మూడు భాషలు విన్న గోదావరి ఒడ్డు ఉన్నది. 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల్లోకి దిగినవారు ఇంకా ఆ ఊళ్ళో ఉన్నారు. ఆ గని దీపం సంగతి మనవణ్ణి అడగనివ్వండి. తాతగారు చెప్పేది తెలుగులోనే అయితే, వాడు దాన్ని ఏ అక్షరాల్లో రాసుకొచ్చినా సరే, ముందు పుచ్చుకోండి. అక్షరాలు మూడు వారాల్లో నేర్పవచ్చు. చెప్పే తాతగారు వచ్చే ఏటికి ఉంటారన్న హామీ ఏ బ్యాంకూ ఇవ్వదు.